చీర తిరగేసినట్టే మంచమూ తిరగేసి చూద్దాం

(రేడియోలో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)

గద్వాల చీర కొనడానికి వెళ్ళినప్పుడు మనమేం చేస్తామో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. పది చీరలు విప్పించి, నచ్చినదాన్ని తిరగేసి చూస్తాం. నూలు ఒంటికి పట్టు అంచు ఎక్కడ కలిసిందో ఆ అతుకు మీద వేలు పెట్టి రాసి చూస్తాం. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటాం. దుకాణంవాడు విసుక్కున్నా లెక్క చెయ్యం. అంత చూసి కొన్న చీర ఏడాదికి నాలుగైదుసార్లు కడతాం, అంతే కదూ?

మరి మంచం? రోజూ ఏడెనిమిది గంటలు దాని మీదే. కాని అది కొనేటప్పుడు మాత్రం పైన మెరుపు చూసి, తలవైపు చెక్కిన నెమలిని చూసి, 'బాగుంది, బండికెక్కించండి' అంటాం. తిరగేసి చూసేవాళ్ళు ఎంతమంది?

నేనూ చూడలేదు. మా చెల్లెలి పెళ్ళికి మా అమ్మ రెండేళ్ళు చిట్టీ కట్టిన డబ్బు నా చేతిలో పెట్టి, 'మంచం, బీరువా నువ్వే చూసి కొను' అన్నది. ఒక దుకాణానికి వెళ్ళాం. 'టేకేనా?' అని అడిగాను. 'టేకేనమ్మా, బిల్లు మీద రాసిస్తాను' అన్నాడు. అద్దంలా మెరుస్తున్నది. తీసుకున్నాం. రెండో వానాకాలానికి మంచం కింద సన్నటి పిండి రాలడం మొదలైంది. చెల్లెలు రోజూ ఊడుస్తున్నది, రోజూ రాలుతున్నది. చివరికి వాళ్ళ అత్తమ్మ చూసి, 'మీ పుట్టింటోళ్ళు మంచంతో పాటు ఒక జల్లెడ కూడా పంపాల్సింది' అన్నదట. ఆ మాట మా అమ్మ దాకా వచ్చింది. రెండేళ్ళు చిట్టీ కట్టినావిడకు ఆ ఒక్కమాట ఎంత గుచ్చుకుని ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

మా ఊరి వడ్ల తాతను తీసుకెళ్ళి చూపించాను. ఆయన మంచాన్ని పక్కకు ఒరిగించి, పాలిష్ పెట్టని అడుగుభాగం గోటితో గీకి, 'టేకే బిడ్డా, కాదన్నోడెవడు? కాని చేవ లేదు. అంతా తెల్లదే' అన్నాడు. నాకు ఆ రోజు తెలిసిన సంగతే ఈ రోజు మీకు చెబుదామని వచ్చాను.

చేవ అంటే ఏమిటి?

చెట్టు మానును అడ్డంగా కోస్తే రెండు రంగులు కనబడతాయి. నడిమి భాగం ముదురు రంగులో ఉంటుంది. అదే చేవ. దాని చుట్టూ బెరడు వైపు తెల్లగా ఒక వలయం ఉంటుంది. చెట్టు బతికి ఉన్నప్పుడు నీరు పైకెక్కేది ఈ తెల్లభాగంలోనుంచే. అందులో పిండిపదార్థం ఉంటుంది కాబట్టి పుచ్చుపురుగుకు అది మంచి తిండి. చేవలోనో, చెట్టు తనకు తాను తయారుచేసుకున్న నూనెలు, వగరు పదార్థాలు ఉంటాయి. టేకును చెదలు అంత సులువుగా ముట్టవని మనం వినే మాట టేకు చేవకే వర్తిస్తుంది. తెల్లభాగానికి ఆ గుణం లేదు. లేత వయసులో కొట్టిన చెట్టులో చేవ తక్కువ, తెల్లది ఎక్కువ. దాని మీద రంగు కలిపిన పాలిష్ పూస్తే రెండూ ఒకటే రంగులో కనబడతాయి.

కనుక 'టేకేనా?' అన్న ప్రశ్న చాలదు. 'చేవ ఎంత?' అని అడగాలి. మంచాన్ని ఒరిగించమని చెప్పండి. పట్టెల లోపలివైపు, కోళ్ళ అడుగున, పాలిష్ పట్టని చోట చూడండి. బంగారు గోధుమరంగు కనిపిస్తే చేవ. పాలిపోయి పసుపు తెలుపుగా ఉంటే తెల్లది. గుండుసూది మోపినంత రంధ్రాలుంటే ఇక మాట్లాడకుండా లేచి రండి. లప్పం పెట్టి పూడ్చిన మచ్చలు వరసగా కనబడినా అంతే. వీలైతే పాలిష్ పెట్టకముందే కార్ఖానాలో చూసి, నచ్చాక పాలిష్ పెట్టించుకోవడం అన్నిటికన్నా మంచిది.

టేకే కావాలా?

అక్కర్లేదు. డబ్బు తక్కువున్నప్పుడు తెల్ల టేకు కన్నా చేవగల వేప నయం. వేపకర్ర చేదుకు పురుగు తొందరగా పట్టదు. కొంచెం వంకర తిరిగే గుణం ఉంది కాబట్టి బాగా ఆరిన కర్ర కావాలి. తుమ్మ గట్టిది, బరువైనది. బండిచక్రాలకు వాడిన కర్ర అది. మన పెద్దలు తుమ్మమొద్దును కొన్నాళ్ళు నీళ్ళలో నానబెట్టి, తీసి ఆరబెట్టి వాడేవారు. పురుగుకు ఇష్టమైన సారం నీళ్ళలో దిగిపోతుందని వాళ్ళకు తెలుసు. మామిడి చౌక, కాని పురుగుకు ఇష్టం. తలపలకకు సరే, బరువు మోసే పట్టెకు వద్దు. దుకాణాల్లో రబ్బరు కర్ర అని లేతరంగుది చూపిస్తారు. మందు పట్టించి, సరిగా ఆరబెట్టినదైతే పనికొస్తుంది. తడి మాత్రం తగలకూడదు.

ఏ కర్రయినా బాగా ఆరి ఉండాలి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు కదా. గద్వాల, వనపర్తి ఎండలు తెలిసినవాళ్ళకు ఆ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. వానాకాలంలో పచ్చికర్రతో చేసిన మంచం వేసవి వచ్చేసరికి కుంచించుకుపోయి అతుకుల దగ్గర నోరు తెరుస్తుంది. రాత్రి పక్కకు ఒత్తిగిలితే కిర్రుమంటుంది.

ఇంకొక మాట. 'నల్లమల టేకు, చౌకగా ఇప్పిస్తాం' అని కొల్లాపూర్, అచ్చంపేట వైపు నుంచి ఎవరైనా గుసగుసగా చెబితే చెవిన పెట్టకండి. ఆ అడవి పులుల అభయారణ్యం. బిల్లూ పర్మిటూ లేని కర్ర దొంగకర్రే. అటవీశాఖవారు పట్టుకుంటే కర్ర పోతుంది, పరువూ పోతుంది.

పాత కర్రను తక్కువ చెయ్యకండి

కృష్ణ ఒడ్డున అలంపూర్, కొల్లాపూర్ వైపు ఉన్నవాళ్ళకు శ్రీశైలం ప్రాజెక్టు ముంపు సంగతి తెలుసు. 1981 ప్రాంతంలో ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. అప్పుడు జనం ఇళ్ళు విప్పి ద్వారబంధాలు, దూలాలు, తలుపులు బండ్లకెత్తుకుని వచ్చారు. మా అత్తమ్మ వాళ్ళూ అలా తెచ్చినవాళ్ళే. ఆ దూలాల్లో రెండు మా ఇంటి వెనక వసారాలో గేదెల కొట్టానికి ఆనించి ఎన్నో ఏళ్ళు పడి ఉన్నాయి. వాటిని కోయించి చూద్దుము కదా, లోపల ముదురు బంగారు రంగు! పురుగు లేదు, పగులు లేదు. ఇప్పుడు మా మంచం అదే. ఖర్చల్లా కోతకూలి, వడ్లవారి కూలి, పాలిష్.

మీ ఇంట్లోనో, పుట్టింట్లోనో పాత తలుపులు, దూలాలు ఉంటే పొయ్యిలోకి పంపకండి. పాత మిద్దెలు విప్పే చోట కర్ర అమ్ముతుంటారు. కొనేముందు మేకులు ఎక్కడున్నాయో చూసుకోవాలి, రంపం దెబ్బతింటుంది. ఒక చివర చిన్నముక్క కోయించి లోపలి రంగు చూడాలి.

కర్ర లెక్క మనమే వేసుకుందాం

వడ్లవారికి చెప్పి చేయించేటప్పుడు 'ఇన్ని అడుగులు పట్టింది' అంటారు. అది ఘనపుటడుగు. లెక్క చాలా తేలిక. పొడవు అడుగుల్లో, వెడల్పూ మందమూ అంగుళాల్లో తీసుకుని, మూడూ గుణించి, 144తో భాగించాలి. ఐదడుగుల వెడల్పు మంచానికి ఇలా చూడండి:

నాలుగు కోళ్ళు, అన్నీ కలిపి పొడవు 11 అడుగులు, మందం 3 × 3 అంగుళాలు: సుమారు 0.7.
రెండు నిలువు పట్టెలు, ఒక్కొక్కటి 6.5 అడుగులు, 6 × 1.5 అంగుళాలు: సుమారు 0.8.
రెండు అడ్డపట్టెలు, ఒక్కొక్కటి 5 అడుగులు, అదే మందం: సుమారు 0.6.
పరుపు కింద పది అడ్డబద్దలు, ఒక్కొక్కటి 5 అడుగులు, 3 × ముప్పావు అంగుళం: సుమారు 0.8.

మొత్తం మూడడుగులకు కాస్త తక్కువ. కోతలో, రందాలో పోయేది పైన కొంత వేసుకోండి. తలపలక వేరే. ఎవరైనా ఏడెనిమిది అడుగులు పట్టిందంటే మిగిలింది ఎక్కడికి పోయిందని నవ్వుతూనే అడగొచ్చు. లెక్క తెలిసిన మనిషి అని తెలిస్తే చాలు, మాటతీరే మారుతుంది.

అతుకులు చూడడం మరవకండి. కుసి తీసి బెజ్జంలో బిగించిన అతుకు ఏళ్ళ తరబడి నిలుస్తుంది. పట్టెను కోడుకు బోల్టుతో బిగిస్తే ఇల్లు మారేటప్పుడు విప్పుకోవచ్చు. ఉత్త మేకులు కొట్టినది మాత్రం వద్దు. మంచం ఒక మూల పట్టుకుని ఊపండి. ఊగితే ఈ రోజే ఊగుతున్నది, రేపటి సంగతి చెప్పేదేముంది?

చెక్కపొడి పలకలు, ప్లైవుడ్

పెద్ద దుకాణాల్లో పడకగది సెట్టు అంటూ ఒకే ధరకు మంచం, బీరువా, అద్దంబల్ల చూపిస్తారు. వాటిలో చాలావరకు చెక్కపొడి జిగురుతో కలిపి ఒత్తిన పలకలు, పైన చెక్కగీతల కాగితం. ఇవి కదిలించకుండా, తడి తగలకుండా ఉంటే కొంతకాలం బాగానే ఉంటాయి. కాని మనం వారానికి రెండుసార్లు నీళ్ళుపోసి నేల కడిగే మనుషులం. అడుగుభాగం తడిస్తే అప్పంలా ఉబ్బుతుంది, మరమేకు పట్టు వదులుతుంది. మళ్ళీ బిగించడానికి ఉండదు.

ప్లైవుడ్ అయితే ఐ.ఎస్.ఐ. గుర్తు చూడండి. ఐ.ఎస్. 303 అని ఉన్నది మామూలు వాడకానికి, ఐ.ఎస్. 710 అన్నది నీటికి బాగా ఓర్చేది. గుర్తు కింద ఉండే లైసెన్సు నంబరు బి.ఐ.ఎస్. కేర్ అనే ఫోన్ యాప్‌లో కొట్టి సరైనదో కాదో చూసుకోవచ్చు. పిల్లలకు చెబితే నిమిషంలో చూసిపెడతారు.

బీరువా, పరుపు

ఇనుప బీరువాకు రేకు మందమే ప్రాణం. గేజి నంబరు పెరిగేకొద్దీ రేకు పలచనవుతుందని గుర్తుంచుకోండి. 20 గేజి సుమారు 0.9 మిల్లీమీటర్లు, 22 గేజి 0.7. తలుపు నడిమధ్య అరచేత్తో నొక్కండి. డబ్బాలా లోపలికి పోయి టప్పున మోగితే పలచన. తలుపు మూసి తెరిచి చూడండి, తాళం మూడుసార్లు తిప్పి చూడండి.

పరుపు విషయంలో నేను చెప్పేదొకటే. నెమలి చెక్కడం తగ్గించి, ఆ డబ్బు పరుపులో పెట్టండి. నడుముకు తెలిసేది చెక్కడం కాదు, పరుపు. దూదిపరుపు మన వేడికి హాయి. నెలకోసారి ఎండలో వేసి, గట్టిపడ్డాక విప్పి దూది ఏకించుకుంటే మళ్ళీ కొత్తదే. కొబ్బరిపీచు పరుపు గట్టిగా ఉండి నడుముకు ఆధారమిస్తుంది. ఫోం పరుపైతే సాంద్రత అడగండి. ఘనపు మీటరుకు 32 కిలోలు, ఆ పైన ఉంటే మంచిది. తక్కువదైతే తొందరగా గుంట పడుతుంది.

ముందు ముగ్గుపిండి, తరువాత డబ్బు

కొనడానికి వెళ్ళేముందు గదిలో ముగ్గుపిండితో మంచం, బీరువా కొలతలు గీయండి. గది పదడుగుల వెడల్పు అనుకుందాం. ఆరడుగుల మంచం ఒక గోడకు వేస్తే మిగిలేది 48 అంగుళాలు. ఎదుటిగోడకు 19 అంగుళాల లోతు బీరువా పెడితే నడవడానికి 29 అంగుళాలే. తలుపు తెరిస్తే మనిషి నిలబడలేదు. ఐదడుగుల మంచమైతే 41 అంగుళాలు మిగులుతుంది. ఆ ఒక్క అడుగు తగ్గించుకుంటే గదీ కలిసొస్తుంది, కర్ర ఖర్చూ తగ్గుతుంది.

అన్నీ ఒకేసారి కొనాలన్న నియమమేమీ లేదు. మొదట మంచం, పరుపు. తరువాత బీరువా. అద్దంబల్ల బదులు గోడకు నిలువుటద్దం, కింద ఒక చెక్క చాలు. వాయిదాల మీద ఇస్తామంటే కాగితం మీద లెక్క వేసుకోండి. రొక్కానికి 36,000కు ఇచ్చేది నెలకు 3,500 చొప్పున పన్నెండు నెలలు కడితే 42,000 అవుతుంది. ఆ 6,000తో మంచి దూదిపరుపు ఖర్చులో చాలా భాగం గడిచిపోతుంది.

చివరగా బిల్లు. నా బిల్లు మీద 'టేకు మంచం' అని ఉంది, అది అబద్ధమూ కాదు. అందుకే నా నోరు లేవలేదు. మీరు మాత్రం 'కోళ్ళు, పట్టెలు చేవ టేకు, తెల్లది లేకుండా. తలపలక ప్లైవుడ్' అని విడివిడిగా రాయించుకోండి. అలా రాయనన్నవాడి దగ్గర కొనకండి. మోసం జరిగితే 1915కు ఫోన్ చేసి చెప్పుకోవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ళలోపు ఫిర్యాదు చెయ్యొచ్చు. ఐదు లక్షల లోపు సరుకుకు రుసుము కూడా లేదు. పెళ్ళికూతురికి సారెగా ఇచ్చేదైతే బిల్లు ఆమె పేరు మీదే తీసుకోండి. ఆ సొత్తు ఆమెది.

మా చెల్లెలి మంచం ఏమైందంటారా? కోళ్ళు, పట్టెలు తీసేసి, అత్తమ్మ వాళ్ళ రెండో దూలం కోయించి కొత్తవి వేయించాం. తలపలక పాతదే. నెమలి అలాగే ఉంది. పిండి మాత్రం రాలడం లేదు. ఈ మధ్య మా అమ్మ ఆ ఇంటికి వెళ్ళినప్పుడు ఎవరూ చూడకుండా మంచం కిందికి వంగి చూసిందట. శుభ్రంగా ఉన్న నేల చూసి ఏమీ అనలేదట, చెల్లెలి తల నిమిరి వచ్చేసిందట.

మీరూ దుకాణానికి వెళ్ళినప్పుడు సిగ్గుపడకుండా ఒకసారి వంగి చూడండి. సెలవు.