పండుగనాటి వేతనము



కనుమనాడు కాకియైనను కదలదని మనలో సామెత కలదు. ఆనాడు ఎద్దుల మెడపై కాడి పెట్టము. వానిని కడిగి, కొమ్ములకు రంగులు పూసి, కడుపునిండ మేత వేయుదుము. నేడు దున్నలేదు గావున నేడు గడ్డి లేదని యే రైతును తన యెద్దుతో ననడు. ఏడాది పొడుగున పాటుపడు ప్రాణికి ఒకనాటి విశ్రాంతి యా యేటి పనిలోని భాగమేయని మన పూర్వు లెరుగుదురు. పండుగ సెలవునకు వేతన మిచ్చుటయందలి ధర్మమును ఇదియే.

నేడు మన పల్లెల బిడ్డలనేకులు పట్టణములలో బట్టల కొట్లయందును, హోటళ్లయందును, మిల్లులయందును పనిచేయుచున్నారు. సంక్రాంతికి ఇంటికి వచ్చిన కుఱ్ఱవానికి ఆనాటి కూలి కోసినారని యొక తగవు; పండుగనాడు పనిచేసినను ఎప్పటి కూలియే యిచ్చినారని మరియొక తగవు. ఒక్కొక్కప్పుడు కొట్టు యజమానియు మన యూరివాడే యగును. అట్టి తగవు మీ యరుగుమీదికి వచ్చినపుడు ఉభయులకును చెప్పదగిన మాట యేది?

తెలుగునాట దీనికై యొక చట్టము కలదు. ఆంధ్రప్రదేశ్ ఒకటిగా నున్నపుడు, 1974వ సంవత్సరమున, ఫ్యాక్టరీలలోను, దుకాణములు మొదలగు సంస్థలలోను పనిచేయువారికి జాతీయ దినములందును పండుగలందును సెలవు లిచ్చుటకై యది చేయబడినది. 2014లో రాష్ట్రము రెండైన పిమ్మట తెలంగాణము కూడ దానిని నిలుపుకొన్నది. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 వంటి జాతీయ దినములును, ముందుగా నిర్ణయింపబడిన కొన్ని పండుగ దినములును ఇందు చేరును.

దీని సారము రెండు మాటలలో చెప్పవచ్చును. మొదటిది: ఆ సెలవు దినమున పనివాడు పనికి రాకున్నను ఆనాటి వేతనము వానికి చెల్లును. రెండవది: ఆనాడు వానిచేత పని చేయించుకొన్నచో, రెట్టింపు వేతన మీయవలెను; లేదా ఆనాటి వేతన మిచ్చి, బదులుగా వేరొకనాడు వేతనముతో కూడిన సెలవీయవలెను. ఈ రెంటిలో నేది కావలెనో కోరుకొను హక్కు పనివానిది గాని యజమానిది గాదు. ఈ సంగతి చాలమందికి తెలియదు.

లెక్క చూడుడు. దినమునకు 500 రూపాయలు వచ్చువాడు పండుగనాడు ఇంట నున్నచో 500 రూపాయలు వచ్చును. కొట్టులో నున్నచో 1000 రూపాయలు వచ్చును. లేదా 500 రూపాయలును, మరియొకనాడు జీతపు సెలవును లభించును. నెలజీతగాని విషయమున సెలవునకై జీతము కోయరాదు. వాని జీతములో ఆనాటి వేతన మిదివరకే చేరియున్నది గావున, పనిచేసినపుడు మరియొక దినపు వేతనము కలుపవలెను.

ఇచట కొన్ని భ్రమలు తొలగించుకొనుట మంచిది. ప్రభుత్వ కార్యాలయములకు ప్రకటించు సెలవులన్నియు దుకాణములకు వర్తింపవు. క్యాలెండరులో ఎఱ్ఱ అంకె కనబడిన ప్రతిదినమును వేతనముతో కూడిన సెలవని పనివా డనుకొనరాదు. పొలములోని కూలిపని ఫ్యాక్టరీయు గాదు, దుకాణమును గాదు. అందుచేత ఈ చట్ట మక్కడికి రాదు. అక్కడ నడచునది రైతు మంచితనమును ఊరి యాచారమును.

ఎన్నికల దినము మాట వేరు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టమునకు 1996లో చేసిన సవరణవలన, వ్యాపారములందును పరిశ్రమలందును పనిచేయు ఓటరుకు పోలింగునాడు వేతనముతో సెలవీయవలెను. దినకూలికి కూడ ఇది చెల్లును. పనివాడు లేనిచో ప్రమాదమో గొప్ప నష్టమో కలుగు పనులకు మాత్రము మినహాయింపు కలదు.

ఇక చిన్న వర్తకుని కష్టమును వినవలసియున్నది. పండుగనాడు బేరము హెచ్చు. ఆనాడే కొట్టు మూసిన నష్టము, తెరచిన రెట్టింపు కూలి. అతని గోడు అబద్ధము గాదు. కాని యీ వ్యయము పిడుగువలె మీద పడునది గాదు. తేదీలు ముందే తెలియును. ముగ్గురు పనివారికి దినమునకు 500 రూపాయల చొప్పున, ఏడాదికి ఎనిమిది సెలవులనుకొన్నను, మొత్తము 12,000 రూపాయలు. నెలకు 1000 రూపాయలు ప్రక్కన పెట్టినచో పండుగనాడు చేయి చాచవలసిన పని యుండదు. రద్దీనాడు పని చేయించి, బేరములేని దినమున బదులు సెలవిచ్చు దారియు కలదు. పనివాడు దాని నిష్టపడవలెను, అంతియే.

కావున యజమానులకు నా మనవి: ఏటి మొదటనే సెలవుల జాబితా వ్రాసి గోడకు అంటింపుడు. పండుగనాడు పని చేసినవారి పేరును, ఇచ్చిన సొమ్మును పుస్తకమున వ్రాయుడు. పనివారికి మనవి: ఆ వ్రాత చూచిన పిదప సంతకము చేయుడు. మాటతో తీరని తగవును కార్మికశాఖ యధికారికి తెలుపవచ్చును. కాని యంతవరకు పోకుండ, అరుగుమీదనే న్యాయము చెప్పగల పెద్దలు మీరు. కనుమనాటి యెద్దు మేతను తలచుకొని చెప్పుడు. ఆ తీర్పును ఉభయులును ఒప్పుకొందురు.