అతుకునకు సాక్షి యెవరు?

నెల్లూరిసీమ సముద్రతీరమున, కృష్ణపట్నము చెంత నేలటూరులో, దామోదరం సంజీవయ్యగారి పేర నొక విద్యుత్కేంద్రము కలదు. అందు 800 మెగావాట్ల యంత్రములు మూడు. మూడవది 2022లో జాతికి అంకితమైనది. మన యిండ్ల దీపములు వెలుగుటకై అచ్చట నీరు ఆవిరిగా మారి, మన చుట్టునున్న గాలి యొత్తిడికి 200 రెట్లు మించిన యొత్తిడితో ఉక్కుగొట్టములలో పరువెత్తును. ఆ గొట్టములు వేలకొలది అతుకులతో కూర్పబడినవి. అతుకొకటి వీడినను దాపుననున్న పనివాని ప్రాణమునకు ముప్పు.

సోదరీమణులారా! అతుకు పైకి నున్నగా నున్నంతమాత్రమున చాలదు. సముద్రపు గాలికి అప్పడములు మెత్తబడుట మన మెరిగినదే. వెల్డింగు కడ్డీల పైపూతయు నట్లే చెమ్మ పీల్చును. ఆ చెమ్మలోని ఉదజని కరిగిన ఉక్కున జొచ్చి బుడగలను, పగుళ్లను పుట్టించును. అందుచేత యోగ్యతాపత్రము గల తనిఖీదారు అతుకు వేయకమునుపే, కడ్డీలు పొయ్యిలో ఎండినవా, పనివాడు పరీక్షలో నెగ్గినవాడా యని విచారించును.

అతుకు వేసిన పిదప రంగు పూసి, తుడిచి, తెల్లపొడి చల్లినచో కంటికానని పగులు ఎఱ్ఱగీతయై తేలును. కుండను కొట్టి నాదము వినునట్లు, చెవికందని ధ్వనిని లోనికి పంపి మారుమ్రోతను పరీక్షింతురు. ఎక్స్‌రే పటమున బుడగ నల్లచుక్కయై కనబడును. తుదకు చన్నీరు నింపి, పనివేళ యొత్తిడికి మించిన యొత్తిడి పెట్టుదురు. చన్నీరు ఆవిరివలె ఎగసి ప్రేలదు గదా!

ఈ జాగ్రత్త ప్రాణనష్టమునుండి నేర్చినది. 1863లో కలకత్తాలో బాయిలరు ప్రేలి పలువురు మరణింపగా, 1864లో వంగదేశమున తనిఖీ చట్టము పుట్టెను. దేశమంతటికి 1923లో నొక చట్టమేర్పడెను. దాని స్థానమున 2025లో క్రొత్తది వచ్చినది.

మేము చెప్పవచ్చిన దొక్కటే. పని చేసినవాడే ఆ పనికి సాక్షి కారాదు. గడువు ముంచుకొని వచ్చినప్పుడు “ఒక్క అతుకే కదా” యనువారు ఎప్పుడును ఉందురు. అట్టివేళ కాదని, ఆ అతుకును కోయించి మరల వేయింపగల స్వాతంత్ర్యము తనిఖీదారునకు లేనిచో, అతని ముద్ర వట్టి సిరామరక.

మన వంటయింటి గ్యాసుబండయు అతికి చేసినదే. దాని పిడిని నిలుపు పట్టీల లోపలివైపున ఇంగ్లీషు అక్షరమొకటియు, సంవత్సరమును ఉండును. ఏ యన్నచో మార్చి, బి జూను, సి సెప్టెంబరు, డి డిసెంబరు. ‘సి 28’ యన్న బండను 2028 సెప్టెంబరు లోపల మరల పరీక్షింపవలెను. గడువు దాటిన బండను గడప దాటనీయకుడు.