అమ్మ వాటా ముందుగా తీసి పెట్టండి



మా వంటింట్లో బియ్యం డబ్బా పక్కన ఒక చిన్న ముంత ఉంటుంది. అన్నానికి కొలిచిన బియ్యంలోంచి, కడగక ముందే, ఒక పిడికెడు తీసి ఆ ముంతలో వేస్తాను. ఆదివారంనాడు ఆ బియ్యం సంచిలో పోసుకుని చర్చికి పట్టుకుపోతాను. స్త్రీల సమాజంలో ఇలా పిడికెడు బియ్యం పోగుచేయడం మీలో చాలామందికి అలవాటైన పనే. దూరాన ఉన్న మిజోరంలో మన తోటి స్త్రీలు 1910లో ఈ పద్ధతి మొదలుపెట్టారు. ఇప్పటికీ మానలేదు. పిడికెళ్లు కలిసి సంఘాల పనులు నడిపేంత పెద్ద సాయమయ్యాయి.

ఇందులో కిటుకు ఏమిటంటే, ఆ పిడికెడు వండక ముందే తీస్తాం. అందరూ తిన్నాక మిగిలితే వేద్దాంలే అనుకుంటే ఏ ముంతా నిండదు. దేవుని వాటా విషయంలో ఇది మనకు బాగా తెలుసు. ఇంటి తల్లి వాటా విషయంలో మాత్రం మరిచిపోతాం. ఇవాళ నేను చెప్పదలచుకున్న మాట ఇదే.

ఒక డిసెంబరు నెలలో నాకు జరిగిన సంగతి చెబుతాను. మావారిది షిఫ్టు డ్యూటీ. ఒక వారం తెల్లవారకుండా క్యారియర్ కట్టాలి, ఇంకో వారం అర్ధరాత్రి వచ్చాక అన్నం వడ్డించాలి. పిల్లలకు బడి, ట్యూషన్లు. ఆపైన క్రిస్మస్ పనులు. సండే స్కూలు పిల్లల నాటిక నా మీదే, పాటల ప్రాక్టీసు, సాయంత్రాలు ఇళ్ల దర్శనాలు, చివర ప్రేమవిందు వంట. మెట్లెక్కితే ఆయాసం, కూర్చుని లేస్తే కళ్లు తిరగడం. పని ఎక్కువై అలసటలే అనుకున్నాను. ఒకరోజు నీళ్ల బిందెతో గుమ్మంలోనే కూలబడ్డాను. పక్కింటి పిన్నిగారు చూసి, "ముఖం సున్నం కొట్టినట్టుందే అమ్మాయ్, బేగి నడు డాక్టరు దగ్గరికి" అని బలవంతాన తీసుకెళ్లారు.

రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 8 అని వచ్చింది. డాక్టరమ్మ, "నిన్న ఏం తిన్నారు?" అని అడిగింది. పెద్దవాడు రెండు ఇడ్లీలు వదిలేశాడని చెప్పగలను. మావారి క్యారియర్‌లో ఏ కూర పెట్టానో చెప్పగలను. నేనేం తిన్నానో మాత్రం గుర్తు రాలేదు. పొద్దున్న టీ, మధ్యాహ్నం మూడు గంటలకు అడుగంటిన అన్నంలో ఆవకాయ, మళ్లీ నాలుగిళ్లలో నాలుగు టీలు. అంతే!

పెళ్లయి పిల్లలున్న స్త్రీకి, గర్భం లేని సమయంలో, హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గకూడదు. గర్భవతికి 11కు తగ్గకూడదు. అంతకు తగ్గితే దాన్ని రక్తహీనత అంటారు. ఊపిరితో పీల్చిన ప్రాణవాయువును ఒళ్లంతా మోసుకుపోయేది ఈ హిమోగ్లోబినే. అది తయారుకావడానికి ఇనుము కావాలి. మోసేవాళ్లు తగ్గితే గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాలి. అందుకే ఆయాసం, దడ, చిరాకు. పిల్లల మీద ఊరికే అరిచేస్తున్నామంటే అన్నిసార్లూ అది మన గుణం కాదు, ఒక్కోసారి రక్తం చాలకపోవడం!

ఇది నా ఒక్కదాని కథ అనుకోకండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి సుమారు 59 మందికి రక్తహీనత ఉంది. అంతకు ముందు 2015–16లో 60 మంది. అంటే ప్రార్థన కూడికలో పదిమంది కూర్చుంటే ఆరుగురు అలాంటివారే ఉండొచ్చు.

ఇంకో లెక్క వినండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన ప్రకారం మగవారికి రోజుకు 19 మిల్లీగ్రాముల ఇనుము చాలు. మనకు 29 కావాలి. నెలనెలా రక్తం పోయేది మనకే కదా. కాని మన ఇళ్లలో జరిగేదేమిటి? ఆదివారం కోడికూర వండితే ముక్కలు పిల్లలకు, వారికి. అమ్మకు ఇగురు మిగులుతుంది, ముక్క మిగలదు. ఎక్కువ కావలసిన మనిషికే తక్కువ దొరుకుతుంది.

కాబట్టి ఆనాటి నుంచి మా ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాను. వంట కాగానే, ఎవరికీ వడ్డించకముందే, నా వాటా ఒక గిన్నెలోకి తీసి మూత పెడతాను. ముంతలో పిడికెడు వేసినట్టే. మొదట్లో సిగ్గనిపించింది. అత్తగారు ఏమనుకుంటారో అనిపించింది. నెల తిరిగేసరికి ఆమే, "నీ గిన్నె తీశావా?" అని అడగడం మొదలుపెట్టారు.

ఆ గిన్నెలో ఏముండాలి? ఖరీదైనవేమీ అక్కర్లేదు. మన ఉత్తరాంధ్రలో చోడి అంబలి ఉండనే ఉంది. రాత్రి చోడిపిండి నీళ్లలో కలిపి ఉంచితే పొద్దుటికి కొంచెం పులుస్తుంది. ఉడికించి చల్లార్చి, మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు వేసుకుంటే పదకొండింటిదాకా ఆకలి తెలియదు. 100 గ్రాముల చోళ్లలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అంతే ఆవుపాలలో 120. నలభై దాటిన మన ఎముకలకు ఇది చాలా అవసరం.

ఇనుము కోసం మధ్యాహ్నం తోటకూర పప్పో, మునగాకు వేపుడో, ఉలవలో ఉండాలి. ఆకుకూర ఉడికించిన నీళ్లు పారబోయకండి. చేపలు, మాంసం తినేవాళ్లకు వాటిలోని ఇనుము సులువుగా ఒంటబడుతుంది. విశాఖ చేపల రేవుకు వచ్చే నెత్తళ్లు చిన్నవని చిన్నచూపు వద్దు. ముల్లుతో సహా తింటాం గనక కాల్షియం కూడా దొరుకుతుంది. ఆకు, పప్పు తిన్నప్పుడు పుల్లటిది తోడుండాలి. పప్పులో నిమ్మకాయ పిండుకోండి, లేదా భోజనం కాగానే జామపండో, మన సింహాచలం అనాస ముక్కో తినండి. వాటిలోని సి విటమిన్ ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. టీ, కాఫీ దానికి అడ్డం పడతాయి. అందుకని భోజనానికి ముందూ వెనకా ఒక గంట టీ మానండి.

హిమోగ్లోబిన్ బాగా పడిపోతే తిండి ఒక్కటే చాలదు. డాక్టరు చెప్పిన ఐరన్ మాత్రలు చెప్పినన్నాళ్లు వాడాలి. మలం నల్లగా వస్తుందని భయపడి మానేయకండి, అది మామూలే. నెలసరి విపరీతంగా అవుతున్నా, కడుపులో పురుగులున్నా వాటికీ వైద్యం చేయించుకోవాలి. గర్భిణులకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో 180 రోజుల మాత్రలు ఉచితంగా ఇస్తారు.

ఇక సంఘం పని. మానేయమని నేననను. నాకు నలుగురిలో మాట్లాడే ధైర్యం వచ్చింది అక్కడే. కాని పని పంచుకోవడం నేర్చుకోవాలి. మా గోడమీద క్యాలెండర్‌లో మావారి షిఫ్టులు, పిల్లల పరీక్షలు, చర్చి తేదీలు మూడూ ఒకచోటే రాస్తాను. మార్చి మొదటి శుక్రవారం స్త్రీల ప్రపంచ ప్రార్థన దినం వస్తుంది. పిల్లల పరీక్షలు నెత్తిమీదికొచ్చేదీ ఆ నెలలోనే. పదో తరగతి పిల్లలున్న తల్లులకు ఆ ఏడు పని చెప్పం. వాళ్లు క్రిస్మస్‌కు చేస్తారు. ఒక మనిషికి ఒక కాలంలో ఒకే బాధ్యత.

ఇళ్ల దర్శనానికి వెళ్లినప్పుడు ఇంటింటా టీ వద్దని ముందే చెప్పుకున్నాం. ఎవరైనా ఇస్తామంటే మజ్జిగో, సెనగ గుగ్గిళ్లో చాలు. ప్రేమవిందులో వండినవాళ్లు ఆఖరి బంతిలో కూర్చుని చారునీళ్లు తాగే పద్ధతి తీసేశాం. వండినవారిలో సగంమంది మొదటి బంతిలో కూర్చుంటారు, వడ్డన మగవాళ్లది. మొదటిసారి సాంబారు నేలమీద ఎక్కువ పడింది. రెండోసారికి చేయి తిరిగింది!

ఉపవాసం మాట కూడా చెప్పాలి. బూడిద బుధవారం నుంచి ఈస్టరు ముందటి శనివారం దాకా 46 రోజులు. ఆదివారాలు ఆరూ తీసేస్తేనే 40. అంటే ఆ దినాల్లోనూ పెద్దలు మధ్యమధ్య విశ్రాంతి పెట్టారన్నమాట. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చక్కెర జబ్బుకు మందులు వాడేవాళ్లు, రక్తం తక్కువైనవాళ్లు డాక్టరును అడగకుండా ఉపవాసం ఉండకండి. ఉండగలవాళ్లు కూడా టీతో ఉపవాసం విడవకండి. కార్తీక సోమవారాలు ఉండే అక్కలకూ ఇదే మాట. మా పిన్నిగారు ఆషాఢంలో గిరి ప్రదక్షిణ చేసేవారికి మజ్జిగ పోస్తారు. 32 కిలోమీటర్లు నడిచే భక్తులకు రాత్రంతా పోసి, తాను గుక్కెడు తాగడం మరిచిపోయేవారు. ఇప్పుడు నేను వెళ్లి ముందు ఆమె చేతికి ఒక గ్లాసు ఇచ్చి వస్తాను.

బైబిలులో ఏలీయా ప్రవక్త దేవుని పనిలో అలసి, ఇక బతకలేనని చెట్టుకింద పడుకుంటాడు. దేవదూత వచ్చి లేపి మొదట చెప్పింది తినమనే. రొట్టె, నీళ్లు ఇచ్చి, మళ్లీ నిద్రపోనిచ్చి, మళ్లీ తినిపించాకే ప్రయాణం. పని సంగతి ఆ తరువాత. ప్రవక్తకే అలా జరిగితే, నలుగురు పిల్లల తల్లి అన్నం మానేసి సేవ చేయడం భక్తి ఎలా అవుతుంది?

ఈ వారం ఒక పని చేయండి. రేపు వంట కాగానే మీ వాటా తీసి మూత పెట్టండి. ఆ గిన్నె చూసి మీ ఆడపిల్ల, "ఇది ఎవరిదమ్మా?" అని అడుగుతుంది. "అమ్మది" అని చెప్పండి. రేపు తన ఇంట్లో అది గుర్తుంచుకుంటుంది.