కృష్ణానగర్ గదికి మీటర్ ఎవరిది?

జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ నుంచి కృష్ణానగర్ వైపు దిగితే తెలుగు సినిమా రెండో చిరునామా మొదలవుతుంది. కొండ మీద ఫిల్మ్‌నగర్‌లో ఫిల్మ్ ఛాంబర్, రామానాయుడు స్టూడియో, స్టార్ల బంగళాలు. కింద కృష్ణానగర్, ఇందిరానగర్ సందుల్లో జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, అసిస్టెంట్ డైరెక్టర్లు, ఒక్క ఛాన్స్ కోసం ఊరి నుంచి బస్సెక్కి వచ్చినవాళ్లు. ఇళ్లను పోర్షన్లుగా, పోర్షన్లను గదులుగా విడగొట్టి ఇక్కడ అద్దెకిస్తారు.

టు-లెట్ బోర్డు చూసి అందరూ అడిగేది అద్దె, అడ్వాన్స్. కరెంట్ మీటర్ విడిగా ఉందా అని అడిగేవాళ్లు తక్కువ. జేబుకు చిల్లు పడేది అక్కడే.

2022లో మారిన స్లాబుల ప్రకారం, సొంత మీటర్ మీద నెలకు 90 యూనిట్లు వాడితే మొదటి 50కి 1.95 చొప్పున, మిగతా 40కి 3.10 చొప్పున 221 రూపాయల 50 పైసలు. అలాంటి ఐదు పోర్షన్లు ఒకే మీటర్ మీద ఉన్నాయనుకోండి. మొత్తం 450 యూనిట్లు. ఇప్పుడు మొదటి 200 యూనిట్లకే 5.10, ఆపైన 7.70, 9, చివరికి 9.50 పడుతుంది. బిల్లు 3,165. ఒక్కో పోర్షన్‌కు 633! ఫిక్స్‌డ్ ఛార్జీల వంటివి ఇంకా కలపలేదు. పైగా తెల్ల రేషన్ కార్డున్న కుటుంబాలకు 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతి 2024 నుంచి అమల్లో ఉన్నా, మీటర్ 450 తిరిగితే అది అందదు. ఓనర్ సబ్‌మీటర్ పెట్టినా స్లాబు మారదు, పంపకం మాత్రమే తేలుతుంది.

ఇక చట్టం. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కాపాడుతుందని చాలామంది నమ్మకం. 2005 సవరణతో కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 దాటిన అద్దెలు దాని నుంచి బయటికి వెళ్లిపోయాయి. ఆ డబ్బుకు ఈరోజు కృష్ణానగర్‌లో సింగిల్ రూమ్ దొరికితే పత్రికలో వేయాల్సిందే. మిగిలింది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. ఏడాది దాటితేనే రిజిస్ట్రేషన్ తప్పనిసరి అన్న నమ్మకంతో అగ్రిమెంట్లు ఎక్కువగా 11 నెలలకు రాస్తారు. కాగితంలో వేరే మాట లేకపోతే నెలవారీ అద్దెకు 15 రోజుల నోటీసు చాలు. నోటీసు గడువెంత, అడ్వాన్స్ ఎన్ని రోజుల్లో తిరిగివ్వాలి, రంగుల ఖర్చు ఎవరిది, ట్యాంకర్ నీళ్లు మెయింటెనెన్స్‌లో కలిసినట్టేనా అన్నవి అందుకే రాయించుకోవాలి. ఇళ్లకు అడ్వాన్స్ రెండు నెలల అద్దె మించకూడదని 2021లో కేంద్రం మోడల్ టెనెన్సీ చట్టం తెచ్చింది కానీ, రాష్ట్రం దాన్ని తన చట్టంగా చేసుకుంటేనే అది అమలవుతుంది.

కొండ మీద తిప్పలు వేరు. నెల అద్దె 50,000 దాటితే, ఉద్యోగి అయినా సరే, అద్దెకున్నవారే టీడీఎస్ కోసి ప్రభుత్వానికి కట్టాలి. 2024 అక్టోబర్ నుంచి అది 2 శాతం. ఓనర్ ఎన్ఆర్ఐ అయితే ఈ 50,000 మినహాయింపు లేదు, కోత కూడా 30 శాతం పైమాటే. జూబ్లీహిల్స్ ఫ్లాట్ల ఓనర్లలో అమెరికాలో ఉన్నవాళ్లకు కొదవలేదు కనుక, అగ్రిమెంట్ మీద సంతకం ఎవరిదో చూసుకోవాలి.

ఇక ప్రాణాల సంగతి. 2023 నవంబర్‌లో నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక అపార్ట్‌మెంట్ కింద నిల్వ చేసిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని, పై అంతస్తుల్లో కాపురం ఉన్నవాళ్లు పలువురు చనిపోయారు. 2025 మేలో గుల్జార్ హౌజ్‌లో ఒక పాత ఇంట్లో మంటలు లేచి 17 మంది పోయారు. ఆ ఇంటికి రాకపోకల దారి ఇరుకు. గది చూడటానికి వెళ్లినప్పుడు సెల్లార్‌లో ఏం పెట్టారో, మీటర్ బోర్డు పక్కన బైకులు ఆపుతున్నారో, గ్యాస్ గీజర్ ఉన్న బాత్రూమ్‌కు కిటికీ ఉందో లేదో ఓ కన్నేయాలి. మెట్లదారి ఒక్కటే అయితే, టెర్రస్ తలుపు తాళం ఎవరి దగ్గర ఉంటుందో అడ్వాన్స్ ఇవ్వకముందే అడగాలి.