ఆయనొచ్చేదాకా ఆగొద్దు!

"ఆయన్ని రానీ, అప్పుడు వెళ్దాం." బజారుకైనా, పుట్టింటికైనా మనం తరచూ అనే మాటే ఇది. కానీ సముద్రం పొంగి మీదికొస్తున్నప్పుడు ఇదే మాట ప్రాణాల మీదికి తెస్తుంది. బంగ్లాదేశ్ తీరంలో జరిగింది అదే.

1991 ఏప్రిల్ 29 రాత్రి చిట్టగాంగ్ తీరాన్ని పెనుతుపాను ముంచెత్తింది. సుమారు 1,40,000 మంది చనిపోయారు. 20 నుంచి 44 ఏళ్ల వయసు వాళ్లలో ప్రతి వెయ్యిమంది మగవాళ్లకు 15 మంది పోతే, ఆడవాళ్లలో 71 మంది పోయారు!

ఎందుకిలా? హెచ్చరిక బజార్లో ఉన్న మగవాళ్ల చెవిన పడింది, వంటింటిదాకా రాలేదు. వచ్చినచోట కూడా భర్త చెప్పకుండా గడప దాటేదెలా అన్న సంకోచం. షెల్టర్లో పరాయి మగవాళ్ల మధ్య ఉండాలంటే బెరుకు. చంకలో పసిబిడ్డ, కాళ్లకు చుట్టుకునే చీర. ఈతా రాదు.

గడపలోకి వచ్చిన కబురు

ఆ దెబ్బ నుంచి వాళ్లు పాఠం నేర్చుకున్నారు. 1970లలో మొదలైన తుపాను సన్నద్ధత కార్యక్రమంలో ఇప్పుడు దాదాపు 76,000 మంది వలంటీర్లున్నారు. అందులో సగం మంది మహిళలే. మెగాఫోన్ పట్టుకుని వాడవాడా తిరుగుతారు, ఇంట్లోకొచ్చి మరీ చెబుతారు. తోటి ఆడమనిషి పిలిస్తే బయల్దేరడానికి జంకెందుకు? కొత్త షెల్టర్లలో ఆడవాళ్లకు వేరే గదులూ ఉంటున్నాయి. 2020 మేలో ఆంఫన్ తుపానుకు ముందే 20 లక్షల మందికి పైగా జనాన్ని తరలించారు. ఆ దేశంలో మృతులు పదుల సంఖ్యలోనే ఉన్నారు.

మన తీరం మాటేమిటి?

మనదీ ఆ బంగాళాఖాతమే. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వేలాది మందిని పొట్టన పెట్టుకుంది. భూమి వేడెక్కుతున్నకొద్దీ సముద్రమూ వేడెక్కుతోంది. ఆ వేడే తుపానుకు బలం. సముద్ర మట్టం పెరిగితే ఉప్పెన నీరు ఊళ్లోకి ఇంకా లోపలికి వస్తుంది.

అందుకే తీరంలో ఉన్న అక్కచెల్లెళ్లు కొన్ని పనులు ముందే చేసుకోవాలి. షెల్టరుకు దారి తెలిసి ఉండాలి. రేషన్ కార్డు, పాసుబుక్కు, మందులు ఒకే సంచిలో పెట్టుకోవాలి. ఆడపిల్లలకూ ఈత నేర్పించాలి. అన్నిటికంటే ముఖ్యం, వేటకో పనికో వెళ్లే భర్తతో ఇవాళే ఒక మాట అనుకోండి: "హెచ్చరిక వస్తే నీకోసం చూడను. పిల్లల్నీ అత్తయ్యనీ తీసుకుని షెల్టరుకెళ్లిపోతాను. నువ్వూ అక్కడికే వచ్చెయ్."