ప్రింటర్ లెక్క, కాగితం కొలత

లేజర్ ప్రింటర్లు విరివిగా వచ్చాక కూడా వేబ్రిడ్జిలలో, గోదాములలో, టోకు దుకాణాలలో డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు నిలిచి ఉండటానికి ప్రధాన కారణం, సన్నని సూదులు సిరా రిబ్బను మీద కొట్టే దెబ్బకు ఒకదానికింద ఒకటి పెట్టిన రెండు మూడు ప్రతుల మీద అక్షరం ఒకేసారి పడటమే. అయితే ముందుగా గడులు అచ్చువేసిన బిల్లు మీద అంకె ఒక గడి కిందికి జారినా, సరుకు ధర పన్ను గడిలో చేరి లెక్కే తారుమారుగా కనిపిస్తుంది కనుక, ఈ యంత్రంలో పేజీ అమరికను చిన్న విషయంగా తీసిపారేయడానికి వీలులేదు.

రెండు అంచులా చిల్లులుండి, మడతలుగా వచ్చే గొలుసు కాగితాన్ని ట్రాక్టర్ అనే పళ్ల పట్టీ ముందుకు లాగుతుంది. ఒక కాగితం ముగిసి మరొకటి మొదలయ్యే మడత గీత ఎక్కడుందో ప్రింటరుకు కనబడదు. అది తనకు చెప్పిన పేజీ పొడవు ప్రకారం లెక్కపెట్టుకుంటూ పోతుంది. అంగుళానికి ఆరు వరుసల చొప్పున 12 అంగుళాల కాగితానికి 72 వరుసలు, 11 అంగుళాల కాగితానికి 66 వరుసలు పడతాయి. కాబట్టి లోపం ఏ తీరున సాగుతున్నదో గమనిస్తే, దాని మూలం ఎక్కడుందో చాలావరకు తెలిసిపోతుంది.

పేజీ పేజీకీ తేడా ఒకే కొలతలో పెరుగుతుంటే పొడవు లెక్క తప్పిందని అర్థం. 12 అంగుళాల కాగితం పెట్టి, కంప్యూటరులో ఏ4 ఎంచుకుంటే, ఏ4 పొడవు 297 మిల్లీమీటర్లే కనుక, ప్రతి పేజీలో అచ్చు సుమారు 8 మిల్లీమీటర్లు పైకి జరుగుతూ, నాలుగో పేజీకి దాదాపు అంగుళం మేర తప్పుతుంది. విండోస్‌లో కాగితం అసలు కొలతతో కొత్త ఫారం సృష్టించి, ప్రింటరు సెట్టింగులోనూ బిల్లింగ్ సాఫ్ట్‌వేరులోనూ అదే కొలతను ఉంచడం దీనికి పరిష్కారం.

అన్ని పేజీలలోనూ తేడా సమానంగా ఉంటే తప్పు పొడవుది కాదు, టాప్ ఆఫ్ ఫారం అనే ప్రారంభ స్థానానిది. దాన్ని ప్రింటరు మీది బటన్లతో సరిచేయాలే గాని, ప్రింటరు ఆన్‌లో ఉండగా పక్కనున్న నాబ్‌ను చేత్తో తిప్పకూడదు, ఎందుకంటే అలా జరిపిన దూరం యంత్రం లెక్కలోకి రాదు.

తేడా ఒక క్రమం లేకుండా మారుతుంటే కాగితం నడకను పరీక్షించాలి. విడి కాగితానికీ గొలుసు కాగితానికీ మధ్య మార్చే మీట తప్పు స్థానంలో ఉంటే రోలరు, ట్రాక్టరు చెరోవైపు లాగి చిల్లులు చినుగుతాయి. వెనుక పెట్టిన కాగితాల పెట్టె వంకరగా ఉన్నా, మడత ఎక్కడైనా అంచుకు తట్టుకున్నా ఇదే జరుగుతుంది.

నిలువు గీతలు మెట్లుమెట్లుగా పడితే అది కాగితం దోషం కాదు. సూదుల తల ఎడమనుంచి కుడికీ, కుడినుంచి ఎడమకీ అచ్చువేసేటప్పుడు రెండు దిశలూ కలవకపోవడమే దానికి మూలం. ప్రింటరులోని సవరణ పరీక్షతో దాన్ని సరిచేయవచ్చు. అంతవరకు వేగం తగ్గినా, ఒకే దిశలో అచ్చువేయిస్తే గీతలు కుదురుతాయి.

అందుచేత దేన్నయినా విప్పేముందు, ప్రతి పేజీలో మొదటి వరుసన ఒక గీత ఉండేలా నాలుగు పేజీలు అచ్చువేసి, మడత గీతనుంచి ఆ గీతకున్న దూరాన్ని స్కేలుతో కొలవాలి. వరుసగా వచ్చిన ఆ నాలుగు కొలతలే, సరిచేయవలసింది పొడవునో, ప్రారంభ స్థానాన్నో, కాగితం నడకనో తేల్చి చెబుతాయి.