గాలి ఎక్కువున్న బేలో కాయక్ ఫిషింగ్: ముందు తిరిగి రావడం ప్లాన్ చేయండి

ఈ ఎపిసోడ్‌కి కారణం ఒక మెసేజ్. "అన్నా, కాయక్ కొన్నా, రాడ్ కూడా కొన్నా. శనివారం మధ్యాహ్నం శాన్ ఫ్రాన్సిస్కో బేలో హాలిబట్ పట్టడానికి వెళ్దామనుకుంటున్నా. ఈత కొంచెం వచ్చు. ఏ ఎర వాడాలి?" అని ఒక తమ్ముడు అడిగాడు. తమ్ముడూ, ఎర గురించి వేరే ఎపిసోడ్ చేస్తా. ముందు నీ మెసేజ్‌లో "మధ్యాహ్నం" అన్న మాట తీసెయ్. ఎందుకో ఇవాళ చెప్తాను.

చదువుకోవడానికో, ఉద్యోగానికో అమెరికా వచ్చి నీళ్ళలో పోయిన మనవాళ్ళ వార్తలు మీరూ చదివే ఉంటారు. మనలో చాలామంది ఊరి బావిలోనో, స్విమ్మింగ్ పూల్‌లోనో ఈత నేర్చుకున్నవాళ్ళం. చల్లటి ఉప్పునీళ్ళు, గాలి, కరెంట్ మూడూ కలిసిన చోట ఆ ఈత ఒక్కటే సరిపోదు.

ముందు గాలి సంగతి చూద్దాం. ఎండాకాలంలో కాలిఫోర్నియా లోపలి సెంట్రల్ వ్యాలీ మన రాయలసీమలాగా కాలిపోతుంది. అక్కడ వేడెక్కిన గాలి పైకి లేస్తుంది. ఆ ఖాళీలోకి పసిఫిక్ మీది చల్లగాలి రావాలి. కానీ తీరం పొడవునా కొండలు అడ్డం. దొరికే పెద్ద సందు గోల్డెన్ గేట్. అందుకే గాలంతా అక్కడి నుంచే బేలోకి దూసుకొస్తుంది. పొద్దున్నే నీళ్ళు అద్దంలా ఉంటాయి. 11, 12 గంటలకి గాలి మొదలవుతుంది. మధ్యాహ్నం 3, 4 అయ్యేసరికి 15 నుంచి 25 నాట్లు వీచడం ఇక్కడ మామూలే. ఒక నాట్ అంటే గంటకి 1.85 కిలోమీటర్లు.

ఇప్పుడు చిన్న ఇంజనీరింగ్ లెక్క. బీటెక్‌లో ఫ్లూయిడ్ మెకానిక్స్ చదివి పరీక్ష అవ్వగానే మర్చిపోయాం కదా, దాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. గాలి మన మీద చూపే బలం దాని వేగం స్క్వేర్‌తో పెరుగుతుంది. 10 నాట్ల గాలి 20 అయితే బలం రెండింతలు అవ్వదు, నాలుగింతలు అవుతుంది. "పొద్దున కొంచెం గాలిలో బాగానే తొక్కాను, ఇంకాస్త పెరిగితే ఏముందిలే" అనే లెక్క అక్కడే తప్పుతుంది.

రెండోది కరెంట్. మామూలు మనిషి ఫిషింగ్ కాయక్‌ని గంటకి 5 కిలోమీటర్లు, అంటే సుమారు 3 నాట్ల వేగంతో నడపగలడు. గోల్డెన్ గేట్ దగ్గర కరెంట్ 4 నాట్లు దాటే రోజులుంటాయి. అంటే మీరు ముందుకి తెడ్డు వేస్తూనే వెనక్కి పోతారు. పైగా ఆటు సమయంలో నీళ్ళు పడమరకి, సముద్రం వైపు పోతుంటే, గాలి పడమర నుంచి ఎదురొస్తుంది. రెండూ ఢీకొన్నప్పుడు అలలు పొట్టిగా, నిలువుగా, ఒకదాని వెనక ఒకటి లేస్తాయి. అదే గాలి, అదే చోటు. పోటు సమయంలో కొంచెం నయంగా ఉన్న నీళ్ళే ఆటులో కాయక్‌ని తిప్పేస్తాయి. అందుకే వెళ్ళే ముందు గాలి ఒక్కటే చూస్తే చాలదు, ఆటుపోట్ల టైమ్ కూడా పక్కపక్కన పెట్టి చూడండి.

మూడోది, అందరూ తేలిగ్గా తీసుకునేది, నీళ్ళ చలి. బయట ఎండ 28 డిగ్రీలున్నా బే నీళ్ళు 11 నుంచి 16 డిగ్రీలే ఉంటాయి. పడగానే ఊపిరి గట్టిగా లోపలికి గుంజుకుంటుంది, అది మన చేతిలో ఉండదు. ఆ క్షణంలో నోరు నీళ్ళలో ఉంటే అంతే. ఇక్కడ నేర్పించే సూత్రం 1-10-1. ఊపిరి అదుపులోకి రావడానికి 1 నిమిషం. చేతులు, వేళ్ళు సరిగ్గా పనిచేసేది 10 నిమిషాలు. స్పృహ తప్పే దాకా సుమారు 1 గంట. ఇవి ఉరామరిగా చెప్పే అంకెలే. కానీ మొదటి నిమిషం దాటించేది మీ ఈత కాదు, ఒంటి మీది లైఫ్ జాకెట్. కాయక్‌లో వెనక కట్టిన జాకెట్ లేనట్టే లెక్క. బట్టలు కూడా ఎండని చూసి కాదు, నీళ్ళని చూసి వేసుకోవాలి. జీన్స్, కాటన్ వద్దు. వెట్‌సూట్ లేదా డ్రైసూట్ వేసుకోండి.

సరే, మరి ఎలా వెళ్ళాలి? మన తీరంలో తెప్పల మీద వేటకెళ్ళే మత్స్యకారులు ఏం చేసేవారో గుర్తు చేసుకోండి. తెల్లవారుజామున భూమి మీది గాలితో లోపలికి వెళ్ళి, మధ్యాహ్నం సముద్రపు గాలికి తెరచాప ఎత్తి ఒడ్డుకి వచ్చేవారు. అంటే అలిసిపోయాక గాలి వాళ్ళని ఇంటికి తోసేది. మనం పాటించాల్సిందీ అదే. వెళ్ళేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి ఉండాలి. బే తూర్పు ఒడ్డున, అలమీడా వైపు దిగితే పడమటి గాలి మిమ్మల్ని ఒడ్డుకే తెస్తుంది. పడమటి ఒడ్డున దిగితే అదే గాలి మిమ్మల్ని బే మధ్యలోకి తోస్తుంది. ఇంకో మోసం ఏంటంటే, గాలి ఒడ్డు నుంచి లోపలికి వీస్తుంటే ఒడ్డు దగ్గర నీళ్ళు ప్రశాంతంగా కనిపిస్తాయి. దూరం వెళ్ళాకే అసలు సంగతి తెలుస్తుంది. రుషికొండలో అయినా ఇంతే.

టైమ్ కూడా ముందే ఫిక్స్ చేసుకోండి. తెల్లవారగానే దిగి, 11 లోపు ఒడ్డున ఉండాలి. చేపలు అప్పుడే కొడుతున్నా సరే, టైమ్ అంటే టైమే. ఈలోపు తెల్ల నురుగు తలలు తరచుగా కనిపిస్తే గాలి 11 నాట్లు దాటిందని అర్థం. గడియారం చూడకుండా తిరిగేయండి. ముందు రోజు నోవా వాళ్ళ మెరైన్ ఫోర్‌కాస్ట్ చూడండి. స్మాల్ క్రాఫ్ట్ అడ్వైజరీ ఉంటే ఆ రోజు ప్లాన్ క్యాన్సిల్.

ఫిషింగ్ వల్ల వచ్చే రిస్కులు వేరే ఉన్నాయి. పెద్ద చేప పడితే 20 నిమిషాలు దాని మీదే ధ్యాస ఉంటుంది. ఆ టైమ్‌లో 2 నాట్ల వేగంతో కొట్టుకుపోతే 1.2 కిలోమీటర్లు జరిగిపోతారు. మధ్యమధ్యలో ఒడ్డున ఒక గుర్తు చూసుకుంటూ ఉండండి. లంగరు ఎప్పుడూ కాయక్ పక్క నుంచి వేయకండి, కరెంట్ లాగితే బోల్తానే. ముందు చివర నుంచో వెనక చివర నుంచో వేయండి, ఒక్క గుంజుతో ఊడిపోయేలా కట్టండి. తాడు కోయడానికి కత్తి చేతికందే చోట ఉండాలి.

బోల్తా పడితే కాయక్‌ని వదలకండి, ఒడ్డుకి ఈదడానికి ప్రయత్నించకండి. దూరం నుంచి మీ తల కనిపించదు, కాయక్ కనిపిస్తుంది. సిట్ ఆన్ టాప్ కాయక్ అయితే దాన్ని తిరగేసి, కాళ్ళు గట్టిగా ఆడిస్తూ ముందు పొట్ట పైకి తెచ్చుకోండి, తర్వాత తిరిగి కూర్చోండి, చివరికి కాళ్ళు లోపలికి తీసుకోండి. ఇది వీడియో చూస్తే రాదు. వెచ్చటి చెరువులో, లోతు తక్కువ చోట, పక్కన ఫ్రెండ్ ఉండగా పది సార్లు చేస్తే వస్తుంది. అది వచ్చేదాకా బేలోకి దిగకండి.

విజిల్ జాకెట్‌కి, వాటర్‌ప్రూఫ్ పౌచ్‌లో ఫోన్ మీ ఒంటికి కట్టుకోండి. కాయక్‌కి కడితే కాయక్‌తోనే పోతుంది. వీహెచ్ఎఫ్ రేడియో ఉంటే ఇంకా మంచిది, సాయం కోసం ఛానల్ 16. 16 ఏళ్ళు దాటినవాళ్ళకి కాలిఫోర్నియాలో ఫిషింగ్ లైసెన్స్ తప్పనిసరి, అదీ మర్చిపోకండి.

ఆఖరిది, పైసా ఖర్చు లేనిది. బయల్దేరే ముందు రూమ్మేట్‌కి ఒక మెసేజ్ పెట్టండి: ఎక్కడ దిగుతున్నా, కాయక్ రంగేంటి, ఎన్నింటికి ఫోన్ చేస్తా, చేయకపోతే ఎంతసేపు చూసి 911కి కాల్ చేయాలి. రూమ్మేట్‌కి ఆ టైమ్‌కి అలారం పెట్టుకోమని కూడా చెప్పండి. మీ గ్యాంగ్‌లో కొత్తగా కాయక్ కొన్నవాళ్ళుంటే ఈ ఎపిసోడ్ వాళ్ళకి ఇవాళే పంపండి, వీకెండ్ రాకముందే. ఉంటాను.